నాలుగో వైపు పళ్ళు

నేను కోపంగా రాసినా ప్రేమగానే చదువుకునే అమ్మకి,

ఒంట్లో బాగానే ఉంది, కడుపే మండిపోతోంది. ఇవాళ షావుకారు మా నీళ్ళ బాబాయిని స్టాంపుల కొట్లోంచి గెంటేశాడు. ఆయన సంగతి నీకు చెప్పాను కదా, పాత కవర్ల మీది స్టాంపుల్ని నీళ్ళ పళ్ళెంలో నానబెట్టి, అంచున ఒక్క పన్ను విరక్కుండా ఊడదీసే పెద్దాయన.

రిటైరైన ఇంజిన్ డ్రైవరొకాయన మా దగ్గర కొన్న స్టాంపు దొంగదని తిరిగి పట్టుకొచ్చాడు. షావుకారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ ముసలోడి పనే. అసలుది జేబులో వేసుకుని ఇది పెట్టాడు" అన్నాడు. బాబాయి చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. తుడుచుకోవడానికి గుడ్డ కోసం చూశాడు, ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదమ్మా.

ఆయన వెళ్ళాక ఆ స్టాంపుని చుక్కల అట్ట మీద పెట్టాను. సెలవులకొచ్చినప్పుడు భోజనాల దగ్గర నీ బుర్ర తిన్నానే, అదే. అంచు బెజ్జాల్ని అట్ట మీది చుక్కల వరసలతో సరిపెడితే, రెండు సెంటీమీటర్లలో ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. బొమ్మ ఒకటే అయినా పళ్ళు వేరైతే స్టాంపే వేరు. దీనికి మూడు వైపులా పన్నెండు చక్కగా కూర్చుంది. నాలుగో వైపు కూర్చోలేదు. బెజ్జాలు సరిగ్గా వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఒకటి దగ్గరికి జరుగుతుంది, మళ్ళీ సరి. అంటే అది పుట్టుకతో ఒక వైపు పళ్ళు లేని బోడి స్టాంపు. బోడివి చవక. ఎవడో కుట్టు మిషన్లో దారం లేని సూది పెట్టి, ఆ వైపు బెజ్జాలు కొట్టి, దాన్ని అరుదైనదిగా మార్చాడు. బాబాయికి మిషను తొక్కడమే రాదు, ఇంత పని చెయ్యగలడా?

ఆదివారం స్టాంపులు సేకరించేవాళ్ళ సంఘం కూర్చుంటుంది. అక్కడ ఆయన్ని దొంగని తేల్చేస్తే ఇంకే కొట్టూ గడప తొక్కనివ్వదు. ఆ మిషను ఎవడిదో పట్టుకుని వాణ్ణి నలుగురిలో కడిగేస్తాను. "మనకెందుకురా" అని మాత్రం రాయకు.

నీ మొండోడు

---

అమ్మా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నువ్వు కుట్టిన నీలం చొక్కాకి గుండీ ఊడితే కుట్టుకుందామని బల్ల మీద పరిచాను. పక్కనే చుక్కల అట్ట ఉంది. ఊరికే, నిజంగా ఊరికే, దాన్ని చొక్కా అంచు మీద పెట్టాను. కుట్లు సరిగ్గా వచ్చి వచ్చి ఒకటి కురచ. మళ్ళీ అన్నే కుట్లు, మళ్ళీ కురచ. ఆ స్టాంపు తెచ్చి ఆనించాను. కుట్టుకి బెజ్జం కూర్చుంది.

మన మిషను బెల్టు తెగితే తీగతో అతుకు వేసింది నేనే. ఆ అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా మిషను తడబడి ఒక కుట్టు కురచవుతుంది. "నీ అతుక్కి నత్తిరా" అని నవ్వేదానివి. అలా నత్తిగా కుట్టే మిషను ఇంకోటి ఉంటుందా?

షావుకారి భార్యకి నువ్వు బట్టలు కుట్టబట్టే నాకీ పని దొరికింది. ఆ ఇంటి నుంచి నీకొచ్చే మూటల్లో బట్టలే ఉంటాయనుకున్నాను. ఇవాళ బాబాయి మర్చిపోయిన కళ్ళజోడు కోసం వచ్చాడు. "నువ్వూ నమ్మావుట్రా?" అన్నాడు. లేదన్నాను, తల దించుకుని. లేదన్నవాడికి తల దించుకునే పనేమిటో ఆయనకేం తెలుసు.

నోరు తెరిస్తే నువ్వు దొంగవి. మూస్తే ఆయన. వాణ్ణి కడిగేస్తానని రాశాను. వాడు నువ్వు. ఎందుకు చేశావు? లేదని రాయి, నమ్మడానికి చూస్తాను.

నీ కొడుకు

---

నా కోపిష్టి కొడుక్కి,

లేదని రాయను. అవి నా కుట్లే.

స్టాంపుల అంచులు చెడిపోయాయి, బాగుచెయ్యాలని షావుకారు పంపాడు. చిరిగిన బట్ట బాగుచేసినట్టే కదా అనుకున్నాను. నువ్వు సెలవులకొచ్చి, చెయ్యి ఎండిపోయేదాకా ఆ పళ్ళ పురాణం విప్పావు చూడు, అప్పుడు తెలిసింది నేను చేస్తున్నదేమిటో. ఇక చెయ్యనని కబురు పెట్టాను. "అలాగే. నీ కొడుకునీ పంపేస్తా, దొంగని పేరు పెట్టి మరీ" అని తిరుగు కబురొచ్చింది. నోరు మూసుకుని మిషను తొక్కాను.

తర్వాత పళ్ళు సరిగ్గా రావడం లేదని కొత్త బెల్టు పంపాడు. అది వేస్తే నత్తి పోతుందని నాకు తెలుసు. వెయ్యలేదు. మేకుకి తగిలించి, నీ అతుకుతోనే కొట్టాను. అట్ట పట్టుకుని కూర్చునే నా కొడుకు ఎప్పటికైనా చూస్తాడు, చూస్తే ఆనవాలు పడతాడు అనుకున్నాను. మధ్యలో ఆ పెద్దమనిషి నలిగిపోతాడని అనుకోలేదు. ఆ పాపం నాదే, ఇంకెవరి మెడకీ చుట్టను.

ఆదివారం నువ్వు నోరు తెరవక్కర్లేదు. తెరవాల్సింది నేను. పక్కింటి వాళ్ళు మిషన్ని కాళ్ళతో సహా బస్సు మీదికి ఎక్కిస్తామన్నారు. సంఘం వాళ్ళ ముందు పెట్టి, షావుకారు చూస్తుండగా కొట్టి చూపిస్తాను. నన్నేం చేస్తారో చెయ్యనీ. నీ పని పోతే పోనీ, చేతులు నీవేగా.

ఆ నీలం చొక్కాయే వేసుకురా. మీ బాబాయిని తీసుకొచ్చి, నా పక్కన కాదు, ఆయన పక్కన నిలబడు.

ఆయన చేతులు తుడుచుకోవడానికి గుడ్డ నేను తెస్తున్నాను.

అమ్మ