కోళ్లను పిలిచిన గొంతు

నజ్మా, దోహా
12 అక్టోబర్ 2013

సుమలతకు,

నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ మాలతీ బాగున్నారని నీ ఉత్తరం చూశాకే ప్రాణం కుదుటపడింది. మన వాడకట్టు గంగన్న సెలవు మీద వస్తున్నాడు, ఇది అతని చేతికే ఇస్తున్నాను. ఫోన్లో చెప్పలేని మాట ఒకటుంది.

ఇంకా ఎండలోనేనా అని అత్తమ్మ అడిగిందట. సైట్ వదిలి ఏడాదైందని చెప్పు. మొహియుద్దీన్ భాయ్ దుకాణంలో ఏసీ కింద కూర్చుని ఫోన్లు బాగుచేస్తున్నాను. ఇక్కడ జరిగే ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు ఇంకా తొమ్మిదేళ్లున్నా, ఊరంతా ఇప్పుడే తవ్విపోశారు. శుక్రవారం వస్తే కూలీల క్యాంపుల్లోని పాడైన ఫోన్లన్నీ మా బల్ల మీదికే. ఇంత జనంలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇద్దరే.

అసలు ఏం చేస్తావని అడిగావు. ఫోన్లో గోరంత చిప్పు ఉంటుంది. ఫోన్ నడవడానికి కావలసినదంతా అందులోనే ఉంటుంది, మనం దాచుకున్న మాటలు కూడా. చెడితే కంప్యూటర్‌కు తగిలించి మళ్లీ రాస్తాం. ఆ రాసే ప్రోగ్రాం ఉచితం. ముక్కూముఖం తెలియనివాళ్లు తలా కొంత తయారుచేసి, ఎవరైనా వాడుకోండి, తప్పుంటే దిద్దండి అని వదిలేశారట. తోచనప్పుడు అందులో వాళ్ల పేర్లు చదువుకుంటాను.

భాయ్ మొదటిరోజే చెప్పాడు: "తిరుమల్, చిప్పుల ఉన్న పాతది కంప్యూటర్ల రెండుసార్లు చదివించు. రెండూ ఒక్కతీరుగ ఉంటెనే కొత్తది రాయాలె. కాపీ లేకుండ చెయ్యి పెట్టకు." గిరాకీల ఫోన్ల విషయంలో ఒక్కసారీ తప్పలేదు.

మన పాప మాలతి రెండేళ్లప్పుడు నవ్వుతూ కోళ్లను పిలుస్తుంటే రికార్డు చేసి, ఆ ఫోన్నే గంగన్నతో పంపావు కదా. ఇప్పుడు మాలతి తన చిన్నప్పటి గొంతు వినాలంటోంది, వినిపించమని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. రేపు, ఎల్లుండి అంటూ వచ్చాను. రోజూ వింటున్నానని కూడా రాశాను. అది అబద్ధం.

రంజాన్‌కు ముందు ఆ ఫోన్ ఆగిపోయింది. దుకాణం నిండా జనం, ఒకతను "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ నెత్తిమీద నిలబడ్డాడు. నా ఫోనే కదా, అడిగేదెవరు అనుకుని, పాతది చదివించి కాపీ తీయకుండానే కొత్తది రాసేశాను. అంతా సరిగ్గా ఎక్కిందని ప్రోగ్రాం చూపించింది. ఫోన్ నడిచింది. పాప గొంతు మాత్రం పోయింది. వెనక గదిలోకి పోయి ఏడ్చాను.

మాలతికి నేనే చెబుతాను, నువ్వు చెప్పకు. నన్ను తిట్టాలనుంటే తిట్టు.

ఒక్కటి మాత్రం తప్పకుండా రాయి. పోకముందు అది కొన్ని వందలసార్లు విన్నాను, అయినా ఇప్పుడు తడబడుతున్నాను. ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు, నేను లేను. ముందు నవ్విందా, ముందు కోళ్లను పిలిచిందా?

ఇట్లు,
మాలతి నాన్న,
తిరుమల్