అమ్మ తెరిచిన ఫోల్డర్

అన్నయ్యా,

ఇంటికి రాగానే నీ కంప్యూటర్లో షేరింగ్ సెట్టింగులు తెరిచి, పాస్‌వర్డ్ రక్షణ మళ్ళీ ఆన్ చెయ్యి. "అమ్మకి పాస్‌వర్డులు గుర్తుండవే, అన్నీ తెరిచి పెట్టు" అని నువ్వే పోరు పెట్టావు. ఏయే ఫోల్డర్లని నిన్న అడిగితే, "డిస్క్ మొత్తం ఇచ్చెయ్. ఇంట్లో డిగ్రీ చదివింది నువ్వొక్కదానివే, దానికీ నన్నే అడగాలా?" అన్నావు. ఇచ్చేశాను.

ఈ ఉదయం అమ్మ హాల్లో తన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మనవడి ఫొటోలు వెతుక్కుంటూ, "అంత్యక్రియలు" అన్న నీ ఫోల్డర్ తెరిచింది. అంత్యక్రియల్లో పెట్టే పటానికని నీ పెళ్ళి ఫొటోలోంచి కత్తిరించి నల్ల రిబ్బను కట్టిన తన ముఖం చూసుకుంది. పక్కనే ఆస్పత్రి రిపోర్టు ఉంది. కడుపులో పుండేనని నాలుగు నెలలుగా మనం ఆడిన అబద్ధం అక్కడితో సరి.

ఏడవలేదు. "చూడవే మిరాన్, నా చెవి పక్కన మీ వదిన పూలగుత్తి కనిపిస్తోంది. మీ అన్నకి కత్తిరించడం కూడా చేతకాలేదు" అంది. పండగలకి వేసుకునే నీలం హన్‌బోక్ గౌను నాతో ఇస్త్రీ చేయించుకుంది. ఇద్దరం ఫొటో స్టూడియోకి వెళ్తున్నాం.

క్షమించమని ఆమె ముందు ఏడవకు. నిన్ను ఓదార్చే ఓపిక ఆమెకు లేదు.

మిరాన్

కబురు పంపాల్సినవాళ్ళ జాబితా కూడా చదివింది. మొదటి పేరు మీ మేనేజరుదట. తన చెల్లెళ్ళ పేర్లు ఎక్కడా లేవట, చేర్చమంది.