ఫిల్టర్ కడిగిన నీళ్ళు

జెర్సీ సిటీ,
ఆదివారం.

దక్షిణామూర్తి బావగారికి,

నమస్కారం పెట్టాలని లేదు. పెద్దవారు గనక పెడుతున్నాను. ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వరు, అందుకే ఈ ఉత్తరం.

మీ మనవరాలు మైత్రి పుట్టినరోజున, ఇంటినిండా జనం ముందు నా పాలియెస్టర్ చీర చూపించి, "మా మరదలు వాష్ చేసిన ప్రతిసారీ చేపలకి ప్లాస్టిక్ ఫీడ్ చేస్తోంది" అన్నారు. అందరూ నవ్వారు. మీ తమ్ముడూ నవ్వారు.

ఇప్పుడేమో, బట్టలుతికితే రాలే ప్లాస్టిక్ పీచు నదుల్లో కలవకుండా వాషింగ్ మెషీన్లకి ఫిల్టర్ తప్పనిసరి చేసే బిల్లు మీద అసెంబ్లీ కమిటీ ముందు హియరింగ్ ఉంది, వచ్చి మాట్లాడమంటున్నారు. "నేను రాసిచ్చింది చదివితే చాలమ్మా" అట!

బిల్లు మంచిదే. మీరు చెప్పారని కాదు. మా మెషీన్‌కి ఫిల్టర్ నేనే బిగించుకున్నాను. బట్టల నుంచి రాలి అందులో చేరిన పీచును పొడిగా తీసి చెత్తబుట్టలో వేస్తున్నాను.

మొన్న మీ ఇంట్లో మీరేం చేశారు? ఫిల్టర్‌ని కిచెన్ సింక్‌లో కుళాయి కింద పెట్టి, పూజ గిన్నెలా తళతళలాడేదాకా కడిగారు. నీళ్ళు పోయందే మనకేదీ శుభ్రమైనట్టుండదు కదా! ఆ పీచంతా మళ్ళీ డ్రెయిన్‌లోకే పోయింది. పద్మిని అక్క "అలా కడగొచ్చా అండీ?" అని అడిగితే, "నీకేం తెలుసు, ఊరుకో" అన్నారు.

హియరింగ్‌కి తప్పకుండా వస్తాను. మీరు రాసిచ్చింది చదవను, నేను చూసింది చెబుతాను.

ఈ కవర్లో మా ఫిల్టర్ పీచు పెట్టాను. మీరు చూపించిన ఆ చీరదే. చేపలకి పెట్టకుండా మీకు పంపుతున్నాను. దయచేసి కడక్కండి.

మీ మరదలు