కిష్టయ్య ట్రాక్టర్‌కు మళ్ళీ బొట్లు పెట్టాను

నిరంజన్ బిడ్డా, బండ్లు కడిగే సర్వీసింగ్ మిషన్ వాపసు ఇచ్చి రాకు. ముందు అన్నం తిను, మూత పెట్టి ఉంచాను.

నువ్వు ట్రాక్టర్ కడిగితే బురదతో పాటు మైసమ్మ గుడిలో పెట్టించిన పసుపు బొట్లు కూడా కొట్టుకుపోయాయని కిష్టయ్య అరవగానే, నువ్వు మొఖం చాటేసి పోతివి. మొదటి గిరాకీకే ఇట్లాయెనే అని నాకు గుబులు పట్టింది. నేనే పసుపు కలిపి, కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ బొట్లు పెట్టాను. కిష్టయ్య చల్లబడి నవ్వాడు. "అవ్వా, నీ మనుమడు బండిని పెండ్లికొడుకును చేసిండు. రేపు మా తమ్ముని ట్రాక్టర్ గూడ తోలుకొస్త" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

నేను అయిజ సంతకు పోతున్నాను. ఇంకోసారి ఎవరన్నా అరిస్తే, నాకు చెప్పకుండా పోకు.

మరిచిపోయాను, కడిగినాక బొట్టు పెట్టే పని ఇకనుంచి నాదే. జీతం వద్దు, చాయ్ తాపిస్తే చాలు.