కొత్త కంప్యూటర్ మీద కొబ్బరికాయ

12 జూన్ 1986, గురువారం

అక్క ఈరోజు మధ్యాహ్నానికే ఫ్యాక్టరీ నుంచి వచ్చేసింది. ఇక పనిలోకి రావద్దన్నారట. అది విన్నప్పుడు మండిన నా ఒళ్లు ఇంకా చల్లారలేదు.

సిమెంట్ ఫ్యాక్టరీలో రెండో బట్టీ వెలిగించాక ఆర్డర్లు పెరిగాయి. పాత కంప్యూటర్ చాలక, గదంత కొత్త మిషను తెప్పించారు. ఇవాళ దానికి పూజ. కొత్త లారీకి చేసినట్టే పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. మేనేజరు కొబ్బరికాయను మిషను అంచుకే కొట్టబోతే, కంప్యూటర్‌లోకి లెక్కలు ఎక్కించే కార్డులు పంచ్ చేసే మా అక్క అడ్డుపడింది.

"సార్, నీళ్లు లోపలికి పోతయ్. బయట గడప మీద కొట్టండి."

"ఏందమ్మా, శుభమా అని పూజ చేస్తుంటే అడ్డం మాటలు? పక్కకు జరుగు!"

కొట్టాడు. నీళ్లు లోపలికి పోయాయి. మిషను ఆగిపోయింది. రిపోర్టులో మాత్రం "ఆపరేటరు అజాగ్రత్త" అని రాయించాడు. అజాగ్రత్త! మాటలంటే ప్రాణం పెట్టే నాకు ఒక మాటను చింపి పారేయాలనిపించడం ఇదే మొదటిసారి.

నాన్న ఏమన్నాడు? "నా లారీ కూడా ఆళ్ల ఫ్యాక్టరీకే సున్నపురాయి తోలుతోంది. నోరు మూసుకోండే ఇద్దరూ."

నాన్న భయం అబద్ధం కాదు. వాళ్లు లారీ ఆపేస్తే ఎలా... అయినా అక్క చేయని తప్పు మోయాలా?

మేనేజరు పైవాళ్లకి ఇవ్వడానికి, జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాశాను. కాయ ఎవరు కొట్టారో పూజారిగారు పక్కనే ఉండి చూశారు. పొద్దున్నే గుడి తలుపులు తీయగానే ఆయన సంతకం అడగాలి. పెట్టకపోతే, అక్క సంతకం ఒక్కదానితోనే మొదటి షిఫ్టు సైరన్‌కి గేటు దగ్గర ఉంటాం.