కల్యాణి ఎంచుకున్న ఆపరేషన్

నర్సీపట్నం, బుధవారం.

బరువు తగ్గడానికి మా అమ్మాయి కల్యాణికి ఆపరేషన్ తప్పదట. షుగరు కూడా ఉన్నందువల్ల, జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే స్లీవ్ కంటె పేగును మళ్లించే బైపాస్ మేలని విశాఖలో డాక్టరుగారు చెప్పారు. అయితే బైపాస్ తరువాత విటమిన్ మాత్రలు జీవితాంతం ఒక్కరోజు కూడా మానరాదట; స్లీవ్‌కు అంత పట్టింపు లేదట.

తిరుగు బస్సులో, "స్లీవే సేయించుకుంటాను నాన్నగారూ" అన్నది.

"బైపాస్ మేలన్నారు కదమ్మా?"

"ఇప్పుడే రోజూ హాజరు పిలిసి మరీ నాసేత షుగరు మాత్ర మింగిస్తన్నారు. మీరెల్లిపోయాక నన్నెవలు పిలుస్తారు?" అని నవ్వింది.

తనకు పెళ్లి వద్దన్ననాడు కూడా ఆమె ఇంత ఒంటరిగా కనిపించలేదు. రేపు ఉదయం నేను పిలవకుండా, తానే మాత్ర వేసుకునేదాకా వేచి చూడాలి. ఆమె మరచిపోతే నేను ఊరుకోగలనా...