అత్తను తవ్వనీయొద్దు నాయనా

నాయనకు దండాలు.

వాన రాలేదని సుంకమ్మత్తను పూడ్చిన చోటునుంచి తీసి కాలుస్తామని ఊరోళ్ళు అంటున్నారంట, నిన్న తమ్ముడు ఓబులేసు హాస్టలుకు ఫోను చేసి చెప్పినాడు. అత్త తోడబుట్టినోనిగా నువ్వు ఒప్పుకుంటే అమావాస్య దాటినాక తవ్వుతారంట. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి వచ్చింది. దీన్ని పక్కింటి నూర్జహానక్కతో చదివించుకో, రచ్చకట్ట దగ్గర వద్దు.

నీ దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్ళు ఎట్లున్నాయి? నేను బాగున్నాను. హైదరాబాదులో ముసురు పట్టింది. ఆ వాన చూస్తే సంతోషం రావడంలేదు. హాస్టలు అన్నం చప్పగా ఉంటుంది, అయినా తింటున్నాను. దిగులు పడొద్దు.

ఇక్కడ మా మేడం చెప్పేది పర్యావరణం, మతం అనే పాఠం. ఆమె ముందు పుస్తకం తెరవదు. ఎవరి ఊర్లో వానకోసం ఏం చేస్తారో మాతోనే చెప్పిస్తుంది. నేను మన వరదపాశం గురించి చెప్పినాను. కొండమీద బండపైన పాయసం పోసి, చేతులు తగలకుండా నాలుకతో నాకుతారని. ఒకబ్బాయి నవ్వినాడు.

"నవ్వితే ఏమీ తెలీదు, ఊరికే మొక్కినా తెలీదు" అన్నది మేడం. "బెల్లం ఎవరిచ్చారు? కొండ ఎవరిని ఎక్కనివ్వరు? అది చెప్పు."

బొల్లి మచ్చలని అత్తను ఎప్పుడూ ఎక్కనీయలేదు. నేను అదే చెప్పినాను. ఆ అబ్బాయి మళ్ళీ నవ్వలేదు.

నిన్న ఫోను పెట్టినాక మేడం దగ్గరికే పోయినాను. మూఢనమ్మకమని కొట్టిపారేస్తుందనుకున్నాను. "మీ ఊరు భయపడుతోంది, తిట్టకు. ఆ భయానికి ఎవరిని అప్పజెప్తున్నారో చూడు" అన్నది. తర్వాత, "మీ నాన్న ఏమంటాడు?" అని అడిగింది. ఇప్పటిదాకా కాదన్నాడు, ఇకమీద తెలియదన్నాను.

బొల్లి మనిషిని పూడిస్తే వాన రాదంటారు. అత్త మనకు రొట్టెలు కాల్చి పెట్టిన ఏండ్లలో కూడా శెనక్కాయ ఎండింది కదా. అప్పుడు ఎవరిని తవ్వినారు? తవ్వినాక వాన పడితే తప్పు అత్తదే అని ఖాయం చేస్తారు. పడకపోతే ఇంకొకరి గుంత వెతుకుతారు.

"నీకేమక్కా, ఆడ చదువుకుంటాండావు. ఈడ బోరు కాడ అమ్మను బిందె పెట్టనీడంలా. నాయన ఎన్నాళ్ళు కాదంటాడు?" అన్నాడు ఓబులేసు. వాని మాట అబద్ధం కాదు. నూర్జహానక్కా, ఇది చదువుతాండావు కదా, మా అమ్మకు మీ తొట్టిలో నీళ్ళు తోడుకోనీ.

అవ్వకు నా దండాలు. తవ్వాలనే పెద్దలకు కూడా చెప్పు, నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్ళే. నీ దీవెన నాకు కావాలి.

నువ్వు తవ్వొద్దంటే నేను బస్సెక్కి వచ్చి నీ పక్కన నిలబడతాను. ఒప్పుకునేటట్లుంటే ఆ మాట ఓబులేసుతో చెప్పించొద్దు, నువ్వే చెప్పు. అమావాస్య పద్దెనిమిదో తేదీ, ఆ లోపల ఫోను చెయ్యి నాయనా.

నీ కూతురు
ఆదిలక్ష్మి